కాలు తీసినా కారు తగ్గకపోతే: లోపల జరిగేదేమిటి, ఏది పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది

మధురవాడ నుంచి విశాఖ ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఎండాడ దాటాక రోడ్డు హనుమంతవాక వైపు దిగుతుంది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆ డౌన్‌లో ఒక లారీని దాటడానికి యాక్సిలరేటర్ బలంగా తొక్కాను. లారీ వెనకబడింది, కాలు తీశాను, ఇంజిన్ మాత్రం తగ్గలేదు. అదే కేకతో లాగుతూనే ఉంది, ముల్లు 80 దాటుతోంది. బ్రేక్ తొక్కితే కారు కాస్త తగ్గింది. చేత్తో పంపు కొట్టినట్టు వదిలి మళ్ళీ తొక్కాను, పెడల్ బిగుసుకున్నట్టు అనిపించింది. మూడోసారి తొక్కేసరికి చెక్క మీద కాలు పెట్టినట్టుంది.

పక్క సీట్లో మా బాబాయి ఉన్నాడు. "ఒరే, క్లచ్ తొక్కు! ముందు క్లచ్ తొక్కరా!" అని అరిచాడు. తొక్కాను. ఇంజిన్ మోత ఒక్కసారిగా రెట్టింపయింది, పేలిపోతుందేమో అన్నంత భయం వేసింది, కానీ కారు మాత్రం వదులైపోయింది. ఎడమ పక్కకి తీసుకుని ఆపి తాళం తిప్పేశాక కిందికి వంగి చూస్తే, వారం కిందట కొన్న రబ్బరు మ్యాట్ అంచు యాక్సిలరేటర్ పెడల్ కింది కొసని పట్టుకుని ఉంది. వేలితో లాగితే టప్పున వదిలింది.

ఈ సంగతి చెప్పిన ప్రతిచోటా ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. తాళం తీసెయ్యాలి అని ఒకరు, తాళం తీస్తే స్టీరింగ్ లాక్ అయిపోతుంది అని ఇంకొకరు, న్యూట్రల్ చేస్తే ఇంజిన్ పోతుంది అని మరొకరు, హ్యాండ్ బ్రేక్ లాగితే చాలదా అని ఒకరు. అందరి మాటలోనూ కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఏ కారు, ఏ లోపం అన్నది చెప్పకుండా సలహా మాత్రమే చెప్పుకోవడం వల్ల నిజాలన్నీ ఒకదానికొకటి ఎదురుగా నిలబడుతున్నాయి. అందుకే మొదటినుంచి విప్పి చూద్దాం.

పేరు ఒకటే, లోపాలు మాత్రం వేరు వేరు

కారు మన మాట వినకుండా వేగం పెంచుకుంటే మనం యాక్సిలరేటర్ స్టక్ అయింది అంటాం, మెకానిక్ "రేస్ అవుతోంది" అంటాడు, పేపర్లో బ్రేక్ ఫెయిల్ అని రాస్తారు. ఈ పేర్ల వెనక కనీసం అయిదు రకాల సంగతులున్నాయి.

పెట్రోల్ ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో ఒక చిన్న గుండ్రటి తలుపు ఉంటుంది, దాన్నే థ్రాటిల్ అంటారు. మనం పెడల్ తొక్కితే అది తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. పాత మారుతి 800, అంబాసిడర్ లాంటి బళ్ళలో పెడల్‌కీ ఈ తలుపుకీ మధ్య ఒక ఉక్కు కేబుల్ ఉంటుంది, సైకిల్ బ్రేక్ వైరు లాంటిదే. ఆ వైరులో ఒక పోగు తెగితే అది తొడుగులో అడ్డం పడుతుంది, తుప్పు పట్టినా జారడం మానేస్తుంది. సముద్రపు గాలి ఇనుముని ఎలా తింటుందో విశాఖలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కరలేదు. బీచ్ రోడ్ పక్కన అపార్ట్‌మెంట్లలో బయట నిలబెట్టే పాత బళ్ళకి ఇది నిజమైన ప్రమాదమే.

ఇప్పటి కార్లలో ఆ వైరు లేదు. పెడల్ దగ్గర సెన్సర్లుంటాయి, కాలు ఎంత నొక్కిందో అవి కంప్యూటర్‌కి చెబుతాయి, కంప్యూటర్ ఒక చిన్న మోటారుతో తలుపు తెరుస్తుంది. సెన్సర్లు జంటగా పెడతారు. రెండూ చెప్పే లెక్క కలవకపోతే కంప్యూటర్ అనుమానపడి శక్తి తగ్గించేస్తుంది, అప్పుడు కారు నత్తలా నడుస్తుంది. డీజిల్‌లో సంగతి కొంచెం వేరు, అక్కడ పెడల్ నిర్ణయించేది ప్రధానంగా గాలిని కాదు, ఇంధనాన్ని.

ఇవి కాక మూడు ఉన్నాయి. నాకు జరిగినట్టు మ్యాటో, దొర్లిన నీళ్ళ సీసానో పెడల్‌ని పట్టేయడం ఒకటి. కాలు పెట్టకుండానే ఒకే వేగం పట్టి ఉంచే క్రూయిజ్ కంట్రోల్, పెట్టిన వేగం వదలకపోవడం, లేదా వదలట్లేదని మనకి అనిపించడం ఇంకోటి. మూడోది చెప్పుకోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదు: బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం. దాని సంగతి కింద వివరంగా ఉంది, ఎందుకంటే అసలు గొడవంతా దాని చుట్టూనే.

పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు, ఏసీ వేసినప్పుడు కాస్త రేస్ పెరగడం మాత్రం వీటిలోకి రాదు. అది మామూలే.

ఇంజిన్ బలమా, బ్రేక్ బలమా

ఇంజిన్ పూర్తిగా లాగుతుంటే బ్రేక్ ఏం ఆపుతుందిలే అనుకుంటారు చాలామంది. లెక్క వేసి చూద్దాం. మనం వాడే మామూలు చిన్న కారు ఆగి ఉన్న చోటునుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు 12 సెకన్లు తీసుకుంటుంది. అదే కారు 100 నుంచి సున్నాకి రావడానికి, పొడి రోడ్డు మీద, టైర్లు బాగుంటే, మూడు సెకన్లు చాలు. అంటే ఇంజిన్ 12 సెకన్లలో కూడబెట్టిన వేగాన్ని బ్రేకులు మూడు సెకన్లలో కరిగిస్తున్నాయి, నాలుగింతల బలం. పైగా మాన్యువల్ కారులో నాలుగో గేరులోనో అయిదో గేరులోనో వెళ్తున్నప్పుడు చక్రాల దగ్గర ఇంజిన్ లాగుడు మొదటి గేరు కంటే చాలా తక్కువగా ఉంటుంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 2009 చివర్లో అమెరికాలో ఒక కార్ల పత్రిక 268 హార్స్‌పవర్ ఉన్న టయోటా కామ్రీని గంటకి 112 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి బ్రేక్ వేసి చూసింది. మామూలుగా 53 మీటర్లలో ఆగే కారు 58 మీటర్లలో ఆగింది. తేడా అయిదు మీటర్లు, అంటే ఒక కారు పొడవు కంటే కాస్త ఎక్కువ. అదే గంటకి 160 కిలోమీటర్ల దగ్గర చేస్తే తేడా సుమారు 27 మీటర్లకి పెరిగింది. వేగం పెరిగేకొద్దీ బ్రేకుల ఆధిక్యం కరిగిపోతుంది.

మరి నా బ్రేక్ ఎందుకు చెక్కలా అయిపోయింది?

కారు బ్రేక్ మన కాలి బలం ఒక్కదానితో పనిచేయదు. పెడల్ వెనక బూస్టర్ అని ఒక పెద్ద గుండ్రటి డబ్బా ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే శూన్యాన్ని వాడుకుని అది మన కాలి బలాన్ని చాలా రెట్లు చేస్తుంది. ఆ శూన్యం పుట్టాలంటే థ్రాటిల్ తలుపు మూసి ఉండాలి. తలుపు బార్లా తెరిచి ఉంటే శూన్యం దాదాపు పుట్టదు. బూస్టర్‌లో అప్పటికే నిలవ ఉన్నది ఒకటి రెండు తొక్కుళ్ళకి సరిపోతుంది, వదిలిన ప్రతిసారీ అందులోంచి కొంత ఖర్చవుతుంది. నేను మూడుసార్లు తొక్కి వదిలి ఉన్నదంతా ఖర్చు పెట్టేశాను. మొదటిసారి తొక్కినప్పుడే వదలకుండా బలంగా పట్టి ఉంచితే ఆ నిలవ నా పక్షాన ఉండేది. డీజిల్ కార్లకీ, చాలా టర్బో పెట్రోల్ కార్లకీ శూన్యం కోసం విడిగా పంపు ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది అంతగా రాదు.

బ్రేక్ పంపు కొట్టమనే సలహా ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అది వేరే జబ్బుకి మందు. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతూ బ్రేక్ పట్టనప్పుడు, అంటే బ్రేక్ ఆయిల్ కారిపోయినప్పుడో లైన్‌లో గాలి చేరినప్పుడో, పంపు కొడితే ఒత్తిడి కాస్త పెరగొచ్చు. బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ లేని రోజుల్లో, తడి రోడ్డు మీద అవి పట్టేయకుండా కూడా అలా చేసేవారు. ఇంజిన్ ఆగకుండా లాగుతున్నప్పుడు అదే పని చేస్తే ఉన్న బలం పోతుంది. పెడల్ మెత్తగా దిగితే ఒక లోపం, చెక్కలా బిగిస్తే ఇంకో లోపం, కాలికే తెలుస్తుంది.

ఇంకో సంగతి వేడి. కొద్దికొద్దిగా, ఎక్కువసేపు బ్రేక్ తొక్కుతూ పోతే ప్యాడ్లు కాలిపోతాయి, కాలిన ప్యాడ్ పట్టదు. సింహాచలం కొండ దిగేటప్పుడు ముందు బండి నుంచి మాడు వాసన వస్తే అది ఇదే. అనంతగిరి ఘాట్‌లో అరకు నుంచి దిగేవాళ్ళు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదులుతుంటారు, అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ మన తోడు కాబట్టి గేరులో ఉండాలి. ఇంజిన్ పిచ్చిగా లాగుతున్నప్పుడు అది మన శత్రువు కాబట్టి విడగొట్టాలి. న్యూట్రల్ గురించి రెండు ఎదురు మాటలు వినపడటానికి కారణం ఇదే.

న్యూట్రల్ ముందా, తాళం ముందా

లోపం ఏదైనా, ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య బంధం తెంపేస్తే ఇంజిన్ ఎంత అరిచినా కారుకి అందదు. మాన్యువల్ కారులో ఆ పని క్లచ్ చేస్తుంది, ఎడమ కాలి కింద సిద్ధంగా ఉంటుంది. ఆటోమేటిక్‌లో గేరు లీవర్‌ని డి (డ్రైవ్) నుంచి ఎన్‌కి (న్యూట్రల్) తోస్తే అయిపోతుంది, చాలా కార్లలో దీనికి లీవర్ బటన్ కూడా నొక్కనక్కరలేదు, కావాలనే అలా తయారుచేశారు. క్లచ్‌నీ గేర్లనీ కారే మార్చుకునే ఏఎంటీ కార్లలోనూ ఎన్ పెడితే లోపల క్లచ్ విడిపోతుంది. లీవర్ బదులు చిన్న పుల్లో, తిప్పే డయలో ఉన్న కార్లలో కొన్నిటికి ఎన్ దగ్గర కాసేపు పట్టి ఉంచాలి. తటాలున తోసి వదిలితే అవి పట్టించుకోవు.

ఇంజిన్ పోతుందేమో అన్న భయం సంగతి. ఇప్పటి ఇంజిన్లలో ఒక హద్దు దాటాక కంప్యూటరే ఇంధనం కత్తిరిస్తుంది, పెట్రోల్‌లో అది ఆరేడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఉంటుంది. మోత భయంకరంగా ఉంటుంది, కానీ పగిలిపోదు. కార్బ్యురేటర్ ఉన్న పాత బళ్ళలో ఆ కాపలా లేదు, అక్కడ ఇంజిన్ దెబ్బతినే అవకాశం నిజంగానే ఉంది. కానీ ఆ పోలికలో ఒక పక్క ఇంజిన్, రెండో పక్క లోపల కూర్చున్న మనుషులు.

ఇక తాళం. తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తే లాగుడు పోతుంది, నిజమే. దాంతో పాటు స్టీరింగ్‌కి సాయం పోతుంది, తిప్పడానికి బరువుగా ఉంటుంది, బ్రేక్ బూస్టర్‌లో నిలవ మాత్రమే మిగులుతుంది. స్టీరింగ్ లాక్ మాత్రం ఇంజిన్ ఆగినందుకు పడదు. తాళం చివరి గడి దాకా తిప్పి లాగేస్తేనే చాలా కార్లలో ఆ గూటం దిగుతుంది. ఒక్క గడి వెనక్కి తిప్పితే ఇంజిన్ ఆగుతుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. తాళం తీసెయ్ అన్నవాళ్ళూ, తీస్తే లాక్ అవుతుంది అన్నవాళ్ళూ చెప్పేది ఒకే తాళం గురించి, వేర్వేరు గడుల గురించి.

బటన్ స్టార్ట్ కార్లలో ఇది ఇంకా తికమకగా ఉంటుంది. నడుస్తున్న కారులో పిల్లలెవరైనా బటన్ తాకితే ఇంజిన్ ఆగిపోకూడదని, ఒక్కసారి నొక్కితే స్పందించకుండా తయారుచేస్తారు. కొన్నిట్లో మూడు సెకన్లు పట్టి ఉంచాలి, కొన్నిట్లో వెంటవెంటనే నాలుగైదు సార్లు నొక్కాలి, మన కారు ఏ రకమో దానితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు, క్రికెట్ పిచ్ కంటే కాస్త ఎక్కువ. మూడు సెకన్లు బటన్ పట్టుకుంటే 66 మీటర్లు గడిచిపోతాయి. అది తెలియక రెండుసార్లు మామూలుగా నొక్కి, పనిచేయలేదని కంగారుపడి, ఆ తర్వాత న్యూట్రల్ గుర్తొస్తే ఇంకో వంద మీటర్లు. మద్దిలపాలెం సెంటర్లో సిగ్నల్ దగ్గర నిలబడిన బళ్ళ వరసకి అంత దూరం ఎక్కడుంది?

అందుకే కార్ల కంపెనీల పుస్తకాల్లో, డ్రైవింగ్ నేర్పేవాళ్ళ మాటల్లో ఎక్కువగా కనపడే వరస ఇది: బ్రేక్ గట్టిగా, వదలకుండా, దానితో పాటే క్లచ్ లేదా న్యూట్రల్, కారు ఆగాక తాళం. న్యూట్రల్ పడకపోతేనే నడుస్తుండగా ఇంజిన్ ఆపడం. హజార్డ్ లైట్లు, హారన్ మన బండిని ఆపవు, కానీ వెనకవాళ్ళకీ ముందువాళ్ళకీ సంగతి చెబుతాయి.

హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. లీవర్ రకమైతే బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా లాగుతూ పోవచ్చు, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి గిరుక్కున తిరుగుతుంది. ఎలక్ట్రానిక్ స్విచ్ రకంలో, నడుస్తుండగా స్విచ్ పట్టి ఉంచితే చాలా కార్లు తామే అదుపుగా బ్రేక్ వేసుకుంటాయి. కాలి బ్రేక్ పూర్తిగా పోయినప్పుడు ఇది ఆధారం. ఇంజిన్ లాగుడు మీద మొదటి ఆయుధం మాత్రం కాదు.

హైవే మీద క్రూయిజ్ కంట్రోల్ వదలట్లేదని అనిపించినప్పుడు

ఆనందపురం, అనకాపల్లి మధ్య ఆరు వరసల రోడ్డు వచ్చాక మనవాళ్ళు క్రూయిజ్ కంట్రోల్ బాగా వాడుతున్నారు. దీన్ని ఆలోచించినవాడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీరు, చూపు లేనివాడు. కారు నడిపేవాళ్ళు వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే కలిగే కుదుపు ఆయనకి బాగా తెలిసేది. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ వాళ్ళ ఇంపీరియల్ కారులో అమ్మకానికి వచ్చింది. అప్పటినుంచీ దీన్ని వదిలించడానికి ఒకటికి నాలుగు దారులు పెడుతూ వచ్చారు: బ్రేక్ తాకడం, క్లచ్ తాకడం, క్యాన్సిల్ బటన్, అసలు స్విచ్ ఆపేయడం. ఒకటి పాడైనా ఇంకోటి మిగులుతుంది. నాలుగూ పనిచేయకపోయినా న్యూట్రల్ ఉండనే ఉంది.

అసలు లోపం కంటే అపార్థమే ఇక్కడ ఎక్కువ. ముందు బండిని బట్టి వేగం మార్చుకునే అడాప్టివ్ క్రూయిజ్ ఉన్న కారులో 100 పెట్టి వెళ్తున్నారనుకోండి. ముందు 60లో పోతున్న లారీ వచ్చింది, కారు తనంతట తాను 60కి తగ్గింది, పది నిమిషాలు అలాగే నడిచింది, మీరు 100 పెట్టిన సంగతే మర్చిపోయారు. లారీ పక్కకి తప్పుకోగానే కారు ఎగబాకుతుంది. అది తన పని తాను చేస్తోంది, మీకు మాత్రం గుండె జారిపోతుంది. లారీ వెనక నుంచి సర్వీసు రోడ్డులోకి దిగుతున్నప్పుడు కూడా ముందు ఖాళీ కనపడగానే ఇదే జరగొచ్చు. మామూలు క్రూయిజ్ ఉన్న కొన్ని కార్లయితే డౌన్‌లో పెట్టిన వేగం దాటి పోతాయి, ఎందుకంటే వాటికి యాక్సిలరేటర్ వదలడం తప్ప బ్రేక్ వేయడం రాదు.

తాళం తీసినా ఆగని డీజిల్

ఇది అరుదు, కానీ జరిగితే అన్నిటికంటే భయపెట్టేది. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ అక్కరలేదు, లోపల నొక్కుడుకి పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. టర్బో సీలు పాడై ఇంజిన్ ఆయిల్ గాలిదారిలోకి కారితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి నడవడం మొదలుపెడుతుంది. తాళం తిప్పితే ఆగేది డీజిల్ సరఫరా మాత్రమే, ఆయిల్ కాదు. వెనక దట్టమైన పొగ, ఇంజిన్ మోత పెరుగుతూనే పోతుంది, వేగాన్ని అదుపు చేసే కంప్యూటర్ చేతిలో కూడా ఏమీ ఉండదు.

కారుని ఆపడం వరకు ఇక్కడా క్లచ్చే దారి. ఆ తర్వాత ఇంజిన్ ఆపాలంటే మాన్యువల్ కారులో పై గేరులో వేసి, బ్రేక్ బలంగా పట్టి, క్లచ్ వదిలి ఆ భారానికి ఇంజిన్ ఆగిపోయేలా చేస్తారు. ఆటోమేటిక్‌లో ఆ వీలు లేదు, గాలిదారి మూయాల్సిందే, అది తెలిసిన మెకానిక్ చేసే పని. ఆ ఇంజిన్ ముక్కలై ఎగరొచ్చు కాబట్టి మిగతావాళ్ళు కారు దిగి దూరంగా పోవడమే మంచిదని తెలిసినవాళ్ళందరూ చెప్పే మాట.

తప్పు యంత్రానిదా, కాలిదా

ఇది నలభై ఏళ్ళుగా నడుస్తున్న వాదన, రెండు వైపులా బలమైన సాక్ష్యాలున్నాయి.

1986లో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయని ఒక పెద్ద టీవీ కార్యక్రమం వచ్చింది. 1985లో అక్కడ 74 వేల కార్లు అమ్మిన ఆ కంపెనీ 1991కి 12 వేల దగ్గరికి పడిపోయింది. 1989లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ తేల్చిన దాని ప్రకారం ఎక్కువ కేసుల్లో కారణం బ్రేక్ బదులు యాక్సిలరేటర్ తొక్కడమే. ఆ గొడవ వల్ల మనకి ఒక మేలు జరిగింది. ఇవాళ ఆటోమేటిక్ కారులో బ్రేక్ తొక్కనిదే పార్కింగ్ నుంచి లీవర్ కదలదు కదా, ఆ ఏర్పాటు అన్ని కార్లకీ పాకడానికి కారణం ఆ రోజులే.

తర్వాత టయోటా. 2009 ఆగస్టులో శాన్‌డియాగో దగ్గర షోరూం వాళ్ళు వాడుకోమని ఇచ్చిన ఒక లెక్సస్‌లో నలుగురు చనిపోయారు. అందులో వేరే మోడల్‌కి చెందిన మ్యాట్ వేసి ఉంది, అది పెడల్‌ని పట్టేసింది. నడిపింది హైవే పోలీసు అధికారి, అనుభవం లేనివాడు కాదు. బ్రేక్ ప్యాడ్లు కాలిపోయి దొరికాయి. ఆ కారు ఇంజిన్ ఆపాలంటే బటన్‌ని మూడు సెకన్లు పట్టి ఉంచాలి. ఆ తర్వాత లక్షల కార్లని మ్యాట్ల కోసం, వెనక్కి రాని పెడళ్ళ కోసం వెనక్కి పిలిచారు. ఎలక్ట్రానిక్స్‌లో లోపం ఉందేమోనని నాసా ఇంజినీర్లు పది నెలలు వెతికారు, 2011 ఫిబ్రవరిలో ఆ లోపానికి ఆధారం దొరకలేదన్నారు. దొరకలేదంటే ఉండే అవకాశమే లేదని అర్థం కాదని అదే నివేదికలో రాశారు. 2013లో ఒక్లహోమాలో ఒక జ్యూరీ సాఫ్ట్‌వేర్ నిపుణుల సాక్ష్యం విన్నాక బాధితుల పక్షాన తీర్పు చెప్పింది. 2014లో టయోటా ఈ లోపాల సంగతి వాడకందార్లకి సరిగ్గా చెప్పలేదన్న కేసులో 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇటీవల, 2024 జూలై 1న సియోల్‌లో ఒక కారు జనం మీదికి దూసుకెళ్ళి తొమ్మిది మంది చనిపోయారు. 68 ఏళ్ళ డ్రైవర్ కారే తనంతట తాను వేగం పెంచుకుందన్నాడు. పరీక్షల్లో అతని బూటు అడుగున యాక్సిలరేటర్ పెడల్ అచ్చు దొరికింది.

అబద్ధం చెప్పాడని నేను అనుకోను. కాలు తప్పు పెడల్ మీద పడ్డప్పుడు మెదడు తాను బ్రేక్ మీదే ఉన్నానని నమ్ముతుంది, కారు ఆగట్లేదు కాబట్టి ఇంకా గట్టిగా తొక్కమంటుంది, తొక్కేకొద్దీ కారు ఇంకా దూకుతుంది. ఇలాంటివి ఎక్కువగా పార్కింగ్ చోట్ల, నెమ్మదిగా కదిలేటప్పుడు జరుగుతాయి. సెల్లార్‌లోంచి రివర్స్ తీస్తూ వెనక్కి మెడ తిప్పి చూస్తే నడుము తిరుగుతుంది, నడుముతో పాటు కుడికాలు కూడా ఒకటి రెండు అంగుళాలు జరుగుతుంది. మాన్యువల్ కారులో ఇలాంటప్పుడు ఎడమకాలు క్లచ్ తొక్కేస్తుంది, తప్పు చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆటోమేటిక్‌లో ఆ రెండో కాపలా లేదు. మన దగ్గర 2014లో ఏఎంటీ వచ్చాక మామూలు ఇళ్ళల్లోకి కూడా రెండు పెడళ్ళ కార్లు చేరాయి, ముప్ఫై ఏళ్ళు క్లచ్‌తో నడిపిన నాన్నలూ మావయ్యలూ ఇప్పుడు వాటిని నడుపుతున్నారు. పెద్దవాళ్ళని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, అలవాటు మారే ఆ కొద్ది నెలల్లో ఖాళీ గ్రౌండులో నడిపి చూసుకోవడానికి వాళ్ళకి ఎవరైనా తోడుండాలి.

రెండు పక్షాలకీ తేల్చే ఆధారం ఒకటి ఉంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ప్రమాదానికి ముందు అయిదు సెకన్ల వివరాలు దాచుకుంటుంది, ఏ పెడల్ మీద కాలుందో అందులో కనపడుతుంది. కంపెనీల వైపు వాళ్ళు దాన్నే చూపిస్తారు. సాఫ్ట్‌వేర్‌ని అనుమానించేవాళ్ళు, తప్పు చదివిన సెన్సర్ చెప్పిందే కదా అందులోనూ రాసుంటుంది అంటారు. ఆ ప్రశ్నని కొట్టిపారేయలేం. అయితే బ్రేక్ లైటు స్విచ్ యాక్సిలరేటర్ సెన్సర్లకి సంబంధం లేని వేరే దారి కాబట్టి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా కేసులు తేలతాయి.

ఇక్కడ ఇంకో మాట. బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి తొక్కితే బ్రేక్ మాటే వినే ఏర్పాటు ఇప్పుడు చాలా కార్లలో ఉంది. మ్యాట్ పెడల్‌ని పట్టేసినప్పుడు అది కాపాడుతుంది. కాలే తప్పు పెడల్ మీద ఉంటే అది ఏమీ చేయలేదు, ఎందుకంటే బ్రేక్ ఎవరూ తొక్కట్లేదు.

కరెంటు కార్లలో కొంచెం తేడా

వీటిలో క్లచ్ లేదు, ఎన్ అంటే గేర్లు విడిపోవడం కాదు, మోటారుకి లాగడం ఆపమని ఇచ్చే ఆజ్ఞ. బ్రేకులు మాత్రం మామూలు కార్లలా చక్రాలని పట్టేవే. యాక్సిలరేటర్ వదిలితేనే కారు బాగా తగ్గిపోయే ఒంటి పెడల్ పద్ధతికి అలవాటు పడ్డవాళ్ళకి బ్రేక్ మీద కాలు వేసే సందర్భాలే తగ్గుతాయి. అవసరం వచ్చినప్పుడు కాలు వెతుక్కుంటుందని కొందరి ఆందోళన, ముందే వేగం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి నష్టం లేదని ఇంకొందరి మాట. పైగా మోటారు లాగుడు మొదటి క్షణంలోనే పూర్తిగా అందుతుంది, తప్పు పెడల్ తొక్కితే తేరుకునే వ్యవధి తక్కువ.

ఆగిన తర్వాత

సాయానికి ఫోన్ చేయాలంటే హైవే మీద అయితే 1033, ఎక్కడైనా 112. మళ్ళీ స్టార్ట్ చేసి ఇంటిదాకా పోదాం అనిపిస్తుంది, కానీ ఏది పట్టేసిందో కంటితో చూడనంతవరకు అది మళ్ళీ పట్టేయొచ్చు. మ్యాట్, పెడల్ ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే మెకానిక్‌కీ, బీమా వాళ్ళకీ, కంపెనీకీ చూపించడానికి ఉంటుంది.

కంపెనీ లోపం అయితే చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 110ఏ సెక్షన్ చేర్చారు. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి, ఏడేళ్ళ లోపు బళ్ళలో భద్రతకి సంబంధించిన లోపం తేలితే కంపెనీతో వాటిని వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి ఉంది. జరిమానా కోటి రూపాయల దాకా వేయొచ్చు. ఒక్కరి ఫిర్యాదుతో అది కదలదు, అమ్మిన బళ్ళ సంఖ్యని బట్టి ఇన్ని ఫిర్యాదులు రావాలని లెక్క ఉంది. అందుకే మ్యాట్ సరిచేసుకుని, పెడల్ బాగుచేయించుకుని ఊరుకున్న ప్రతి ఫిర్యాదూ ఆ లెక్కలో పడకుండా పోతుంది.

నా సంగతిలో కంపెనీ తప్పేమీ లేదు. మరుసటి రోజు పగటి వెలుగులో రెండు మ్యాట్లూ బయటికి లాగి చూశాను. కారుతో వచ్చిన పాత మ్యాట్ మీద కొత్త రబ్బరు మ్యాట్ పరిచారు, దుకాణంలో పరిచినవాడూ చూడలేదు, డబ్బులిచ్చిన నేనూ చూడలేదు. కొత్తదానికి మడమ దగ్గర రెండు కన్నాలున్నాయి. కారు ఫ్లోర్‌లో సరిగ్గా అక్కడే రెండు కొక్కేలున్నాయి, పాత మ్యాట్‌ని అవే పట్టుకుని ఉన్నాయి. కొత్తదాన్ని ఏదీ పట్టుకోలేదు. నేను బ్రేక్ తొక్కి మడమ లాగిన ప్రతిసారీ అది వారం రోజులుగా కొంచెం కొంచెం ముందుకి జరుగుతూ వచ్చింది.